అవిలాల వాళ్ళం తిరుపతి వాళ్ళం కాదా?

ప్రశ్న: అక్కా, నాకు 27 ఏళ్ళు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా ఇల్లు అవిలాలలో. తిరుపతి బస్టాండుకు స్కూటర్ మీద పది పదిహేను నిమిషాలు. స్కూలు, కాలేజీ అన్నీ తిరుపతిలోనే చదివాను. ఎవరు అడిగినా మాది తిరుపతి అనే చెబుతాను. ఈమధ్య ఆఫీసులో భోజనాల దగ్గర అలాగే అంటే, తిరుపతి గాంధీరోడ్డు పక్కన పుట్టి పెరిగిన కొలీగ్ ఒకామె “అవిలాల తిరుపతి ఎప్పుడైంది? అది పంచాయతీ కదా” అంది. అందరూ నవ్వారు. ఆ తర్వాత కొన్నాళ్ళకే నాకొక సంబంధం వచ్చింది. అబ్బాయి వాళ్ళు ఇల్లు చూసి “బయోడేటాలో తిరుపతి అని రాశారు, తీరా చూస్తే ఇది రూరల్” అన్నారు. ఆ రాత్రి నాన్న అన్నం తినకుండా పడుకున్నారు. నాన్నది పీలేరు దగ్గర ఒక పల్లె. ఇరవై ఏళ్ళ కిందట లోను తీసుకుని ఇక్కడ ఇల్లు కట్టారు. అప్పటినుంచి ఊరు అడిగితే చెప్పాలంటేనే టెన్షన్‌గా ఉంది. తిరుపతి మా ఊరని చెప్పుకోవచ్చా? చెప్పుకుంటే అబద్ధమా?
– ఒక పాఠకురాలు, అవిలాల

జవాబు: అమ్మా, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ మీ నాన్న అన్నం తినకుండా పడుకున్న చోటే ఆగిపోయాను. ఆ విషయానికి తర్వాత వస్తాను. ముందు నువ్వు అడిగినదానికి సూటిగా చెబుతాను. అబద్ధం కాదు. మీది తిరుపతే. మీది అవిలాల కూడా. ఒకటి చెప్పడానికి రెండోదాన్ని దాచనంతవరకు నీ మాటలో తప్పేమీ లేదు.

నీ కొలీగ్‌ది గాంధీరోడ్డు అంటున్నావు. అయితే ఆమెకు తాతయ్యగుంట గంగమ్మ జాతర తెలియకుండా ఉండదు. తిరుపతి ఊరి దేవత ఆ తల్లి. వెంకటేశ్వరస్వామికి చెల్లెలని మనవాళ్ళ నమ్మకం. మే నెలలో జాతర వచ్చిందంటే ఊరు ఊరంతా మారిపోతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొక వేషం కట్టి జనం వీధుల్లోకి వస్తారు. మరి ఆ జాతర ఎలా మొదలవుతుందో నీకు తెలుసా? అవిలాల నుంచి కైకాల వాళ్ళు పసుపు, కుంకుమ, సారె తీసుకుని గుడికి వస్తారు. అది పుట్టింటి సారె. పసిబిడ్డగా దొరికిన గంగమ్మను అవిలాలలో కైకాల వాళ్ళే పెంచి పెద్ద చేశారని కథ. ఆ సారె అందాకే చాటింపు వేస్తారు. చాటింపు పడితే జాతర ముగిసేదాకా ఊళ్ళోవాళ్ళు పొలిమేర దాటి పోకూడదని, బయటివాళ్ళు రాత్రిపూట ఊళ్ళో ఉండకూడదని పెద్దల కట్టుబాటు.

తిరుపతికి లోపలేది, బయటేది అని ఏటా గట్టిగా చాటి చెప్పే రాత్రి అదొక్కటే. ఆ రాత్రికి పసుపు కుంకుమలు వచ్చేది మీ ఊరి నుంచి. నువ్వు అక్కడే పెరిగావు, ఆ వీధుల్లో మేళాలు వినే ఉంటావు. అయినా ఆఫీసులో నలుగురు నవ్వినప్పుడు నీకు ఈ సంగతి గుర్తుకు రాలేదు. అందుకు నిన్ను తప్పుపట్టను. పెద్ద ఊరి పక్కన పెరిగిన పిల్లలకు తమ ఊరి గురించి చెప్పేవాళ్ళే తక్కువ.

నేను పుట్టింది చంద్రగిరిలో. పెళ్ళయ్యాక తిరుపతి వచ్చాను, ముప్పై ఏళ్ళు దాటింది. కొత్తలో మా అత్తగారి వైపు చుట్టాలు “పల్లె నుంచి వచ్చిన పిల్ల” అంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. విజయనగర రాజులు చివరి రోజుల్లో రాజధానిగా చేసుకున్న ఊరు మాది. కోట, రాజమహల్ ఇప్పటికీ ఉన్నాయి. ఇంగ్లీషు వాళ్ళ రోజుల్లో తిరుపతి చంద్రగిరి తాలూకాలో ఒక ఊరు. అప్పుడు చంద్రగిరి పేరు చెబితేనే తిరుపతి ఎక్కడుందో కాగితాల్లో తెలిసేది. ఇప్పుడు చంద్రగిరి ఎక్కడంటే తిరుపతి పక్కన అంటున్నాం. ఇందులో మాకు అవమానం లేదు, తిరుపతికి గొప్పా లేదు. ఊళ్ళు పెరుగుతుంటాయి, తగ్గుతుంటాయి, ఒకదాని పేరు ఇంకొకటి మోస్తుంటుంది.

అసలు తిరుపతి అనే పేరే ఒక ఊరిలో ఇమిడేది కాదు. మా పెద్దవాళ్ళు తిరుమలను ఎగువ తిరుపతి అని, ఈ ఊరిని దిగువ తిరుపతి అని అనేవాళ్ళు. ఇవాళ్టికీ శ్రీకాకుళం నుంచి వచ్చినా, షోలాపూర్ నుంచి వచ్చినా కొండ మీద దర్శనం చేసుకుని ఇంటికి పోయి “తిరుపతి వెళ్ళొచ్చాం” అంటారు. తిరుమల మన కార్పొరేషన్‌లో లేదు. లడ్డూలు తయారయ్యేది కొండ మీద పోటులో, అంటే గుడి వంటశాలలో. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది తిరుపతి లడ్డూ అనే పేరుతోనే. తిరుపతి విమానాశ్రయం ఉన్నది రేణిగుంటలో. తిరుపతి ఐఐటీ ఉన్నది ఏర్పేడు మండలంలో, మీ ఇంటికంటే ఎంతో దూరంలో. అక్కడ చదివిన పిల్లవాడు తిరుపతి ఐఐటీ అని చెబితే ఎవరూ నవ్వరు. పక్కనే ఉన్న నువ్వు చెబితే మాత్రం ఎందుకు నవ్వాలి?

పంచాయతీ అనే మాటకు వద్దాం. నిజమే, అవిలాల తిరుపతి రూరల్ మండలంలో ఉంది. ఆ గీత ఉంది కాబట్టి మీరు నగర కార్పొరేటర్‌కు ఓటు వేయలేరు, మేయర్‌ను అడగలేరు. మీ అసెంబ్లీ నియోజకవర్గం చంద్రగిరి. చంద్రగిరి చిత్తూరు లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది కాబట్టి, తిరుపతి రైల్వేస్టేషన్‌లో రైలెక్కే మీకు ఎంపీ మాత్రం చిత్తూరు ఎంపీ. మరోవైపు నెల్లూరు పక్కనున్న సర్వేపల్లి వాళ్ళు తిరుపతి ఎంపీని ఎన్నుకుంటారు. వాళ్ళు ఆ మాట మీద మాది తిరుపతి అని చెప్పుకోరు కదా. ఓటు గీత చూసి ఎవరూ ఊరు నిర్ణయించుకోరు.

పైగా ఆ గీతలు నిలకడగా ఉండేవీ కావు. తిరుపతి మునిసిపాలిటీ అయింది 1886లో, కార్పొరేషన్ అయింది 2007లో. ఎం.ఆర్.పల్లి, కొర్లగుంట అని పేర్లు చూడు, పల్లి అని ఒకదానికి, గుంట అని ఇంకోదానికి. ఇవాళ రెండూ నగరమే, అక్కడి వాళ్ళను ఎవరూ మీది తిరుపతేనా అని అడగరు. 2022 ఏప్రిల్ 4 దాకా మనమందరం చిత్తూరు జిల్లా. బండ్ల మీద ఏపీ 03 అని వేసుకుని తిరిగాం. ఆ రోజు తిరుపతి జిల్లా అయింది. ముందు రోజు రాత్రి చిత్తూరు జిల్లాలో పడుకున్నాం, పొద్దున తిరుపతి జిల్లాలో లేచాం. వాకిట్లో ముగ్గు అదే, పాలు పోసే మనిషీ ఆయనే. చుట్టుపక్కల పంచాయతీలను నగరంలో కలపాలన్న మాట కూడా చాలాకాలంగా నలుగుతున్నదే. ఒక జీవోతో నీ ఊరు మారిపోతుందంటే, అది నీ ఊరి గురించిన మాట కాదు, పన్ను ఎవరికి కట్టాలన్న మాట.

ప్రభుత్వం కూడా అన్ని చోట్లా ఒకే గీత చూడదు. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి నగర జనాభా సుమారు 2.87 లక్షలు. చుట్టూ ఆనుకుని పెరిగిన ఊళ్ళతో కలిపి లెక్కవేస్తే దాదాపు 4.6 లక్షలు. ఆ రెండో లెక్కలో అవిలాల, తిరుచానూరు ఉన్నాయి. పంచాయతీగా ఉన్న ఊరిని కూడా జనగణన వాళ్ళు పట్టణంగా రాసుకుంటారు. జనం 5,000 దాటాలి, మగ కార్మికుల్లో నూటికి 75 మంది వ్యవసాయం కాని పనిలో ఉండాలి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి, అంతే. ఆదాయపు పన్ను వాళ్ళదీ ఇలాంటి చూపే. లక్షకు పైన పది లక్షల లోపు జనాభా ఉన్న మునిసిపాలిటీ హద్దు నుంచి ఆరు కిలోమీటర్ల దాకా ఉన్న పొలాన్ని పల్లె పొలంగా లెక్కకట్టరు, అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను అడుగుతారు. పన్ను తీసుకునేటప్పుడు మీరు నగరం పక్కవాళ్ళే. మాట్లాడుకునేటప్పుడు మాత్రం కాకుండా పోతారా?

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఇది చెప్పేటప్పుడు నాకు కొంచెం కోపం వస్తుంది, ఏమనుకోకు. తిరుపతి తాగే నీళ్ళలో కొంత కల్యాణి డ్యాం నుంచి వస్తాయి, అది చంద్రగిరి మండలంలో ఉంది. నగరం చెత్త, మురుగు శుద్ధి చేసేది రేణిగుంట మండలం తూకివాకంలో. తెల్లవారకముందే పూలు, కూరగాయలు, పాలు వచ్చేది చుట్టుపక్కల పల్లెల నుంచి. హోటళ్ళలో గిన్నెలు కడిగేవాళ్ళు, ఆసుపత్రుల్లో ఆయాలు, బట్టల షాపుల్లో పన్నెండు గంటలు నిలబడే ఆడపిల్లలు రాత్రి ఆటోల్లో కిక్కిరిసి ఇళ్ళకు పోయేది ఎక్కువగా ఆ పంచాయతీలకే, నగరంలో అద్దెలు కట్టుకోలేక. వాళ్ళ నీళ్ళు కావాలి, వాళ్ళ చేతులు కావాలి, నగరం చెత్త వాళ్ళ పక్కన పోయాలి. సాయంత్రానికి వాళ్ళు మన ఊరివాళ్ళు కాదనడం న్యాయమేనా?

అలాగని ఆ కొలీగ్‌ను చెడ్డదాన్ని చేయను. పాత ఊళ్ళో పుట్టినవాళ్ళ బాధ నేను దగ్గర నుంచి చూశాను. గోవిందరాజస్వామి గుడి చుట్టూ రామానుజాచార్యుల కాలంలో ఊరు కట్టుకుందంటారు. ఆ వీధుల్లో తరాలుగా ఉన్న కుటుంబాలు ఇప్పుడు ఇళ్ళు లాడ్జీలకిచ్చి దూరంగా వెళ్ళిపోతున్నాయి. తాము పెరిగిన ఊరు చేతిలోంచి జారిపోతోందన్న దిగులు వాళ్ళకుంది. తిరుపతి అంటే ఇంత అని గట్టిగా చెప్పడంలో ఆ దిగులు కూడా కలిసి ఉండొచ్చు. ఆమెతో వాదన పెట్టుకోకు. ఒకరోజు టీ తాగుతూ గంగమ్మ పుట్టింటి కథ చెప్పు. ఆమెకు తెలిసిన జాతర కథలు నువ్వు అడుగు. హైదరాబాద్‌లో తిరుపతి గురించి మాట్లాడుకోవడానికి దొరికిన మనిషి ఆమె. పోగొట్టుకోకు.

ఇక ఎక్కడ ఏం చెప్పాలో చూద్దాం. దూరం వాళ్ళు ఏ ఊరు అని అడిగితే, నువ్వు ఎటువైపు నుంచి వచ్చావో తెలుసుకోవడానికే అడుగుతారు. అక్కడ తిరుపతి చాలు. తిరుపతిలో ఎవరైనా అడిగితే అవిలాల అని చెప్పు. అవిలాలలో అడిగితే వీధి పేరు, మీ నాన్న పేరు. మన పెద్దలందరూ చేసిందిదే. మా చంద్రగిరిలో ఒకాయన మద్రాసు వెళితే తిరుపతి అనేవాడు, తిరుపతి వస్తే చంద్రగిరి అనేవాడు, చంద్రగిరిలో కోట వీధి అనేవాడు. ఆయన్ను అబద్ధాలకోరని ఎవరూ అనలేదు.

డబ్బు, సంతకం, పెళ్ళి ఈ మూడింట్లో మాత్రం ఊరి పేరు పూర్తిగా చెప్పాలి. స్థలం కాగితాల్లో గ్రామం పేరు, సర్వే నంబరే చెల్లుతాయి. మా పెళ్ళయిన కొత్తలో ఒక బ్రోకరు “తిరుపతిలో స్థలం” అని చెప్పి అడ్వాన్సు పదివేలు తీసుకున్నాడు. తీరా చూపించింది పుత్తూరు రోడ్డులో వడమాలపేట దాటాక. ఆ రోజుల్లో అంత డబ్బు పోగేయడానికి మా ఆయనకు చాలా నెలలు పట్టింది. డబ్బు సగమే వెనక్కి వచ్చింది. వడమాలపేట మంచి ఊరే, అందులో తప్పు లేదు. తప్పంతా ఎదుటివాడు నిజం తెలుసుకునేలోపు డబ్బు చేతులు మారాలనుకోవడంలో ఉంది. ఈ రోజుకీ అలాంటి ప్రకటనలు రోడ్ల వెంట బోర్డుల మీద కనిపిస్తూనే ఉంటాయి. నువ్వెప్పుడైనా స్థలం కొంటే తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందో లేదో చూడు, బోర్డు మీద పేరు చూడకు.

నువ్వు ఆఫీసులో చెప్పిన మాటతో ఎవరూ నష్టపోలేదు. బయోడేటా విషయం కొంచెం వేరు. అందులో తిరుపతి అని మాత్రమే రాసి ఉంటే, వచ్చినవాళ్ళకు ఏదో దాచారనిపించి ఉండొచ్చు. మీకు దాచాలన్న ఆలోచన లేకపోయినా సరే. కాబట్టి “అవిలాల, తిరుపతి” అని రెండూ రాయండి. అవిలాల అని చదివి రానివాళ్ళు రాకపోవడమే నీకు మేలు. పంచాయతీలో ఇల్లుందని మొహం మాడ్చుకునేవాళ్ళు రేపు నీ జీతం దగ్గర, మీ అమ్మ వంట దగ్గర కూడా అలాగే ఉంటారు.

ఇంకొకటి అడుగుతాను, బాధపడకు. అవిలాల గ్రామసభకు ఎప్పుడైనా వెళ్ళావా? పంచాయతీ సర్పంచ్ పేరు తెలుసా? చెరువు సంగతి, కాలువల సంగతి, మీ వీధి లైటు సంగతి ఎవరిని అడగాలో తెలుసా? తిరుపతి మాది అనడానికి నీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ఇరవై ఏళ్ళు ఉన్న ఊరిని వట్టి అడ్రసుగా వదిలేస్తే, ఎవరైనా కాదన్న రోజు నీ దగ్గర జవాబు ఉండదు. మొన్న నీకు జరిగింది అదేనేమో ఆలోచించు. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు ఒక సాయంత్రం నాన్నతో చెరువు వైపు నడిచిరా.

మన తిరుమల పక్కనే మంచి ఉదాహరణలున్నాయి. అన్నమయ్య జీవితమంతా స్వామి మీద పాటలు కట్టాడు. కానీ లోకం ఆయన్ను తాళ్ళపాక అన్నమాచార్యులు అనే పిలిచింది. తాళ్ళపాక రాజంపేట దగ్గర ఊరు. కొండ మీద రోజూ వేలమంది భోజనం చేసే చోటు పేరు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ నిత్యాన్నప్రసాద కేంద్రం. తరిగొండ మదనపల్లె వైపు ఒక చిన్న ఊరు. ఆమె తిరుమలకు వచ్చి తిరుమల మనిషైంది, తరిగొండ పేరు విడవలేదు. ఇక తిరుచానూరు సంగతి నీకు నేను చెప్పాలా? కార్తీక మాసంలో పంచమీతీర్థం నాడు అమ్మవారికి తిరుమల నుంచి సారె వస్తుంది, ఏనుగు మీద, మేళాలతో. స్వామి పెద్దవాడని అమ్మవారు కొండ ఎక్కలేదు. సారెనే కొండ దిగి వస్తుంది. ఆ ఊరు కూడా ఇప్పటికీ పంచాయతీయే.

ఇప్పుడు మీ నాన్న గురించి. పీలేరు దగ్గర పల్లె నుంచి వచ్చి, నగరంలో సెంటు ధర అందక, అవిలాలలో లోను పెట్టి ఇల్లు కట్టిన మనిషి ఆయన. అప్పట్లో చుట్టాలకు ఫోన్లు చేసి “తిరుపతిలో ఇల్లు కట్టాను” అని చెప్పి ఉంటారు. ఆ మాట వెనుక ఎన్ని నెలల కంతులు, ఎన్ని పండగలకు కొనుక్కోని బట్టలు ఉన్నాయో ఆయనకే తెలుసు. పిల్లను తిరుపతి కాలేజీలో చదివించాలని ఊరు వదిలాడు, చదివించాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి ఆయన వేసిన కాఫీ తాగి, ఇది తిరుపతి కాదు అని లేచి వెళ్ళారు. వాళ్ళు కొట్టేసింది ఒక ఊరి పేరునే అనుకున్నారు. ఆయనకు ఇరవై ఏళ్ళ కష్టాన్ని కొట్టేసినట్టు అనిపించి ఉంటుంది.

ఆయన దగ్గర కూర్చో. ఇది అబద్ధం కాదు నాన్నా అని చెప్పు. నువ్వు చెప్పాలి, ఎందుకంటే ఎవరికోసం కట్టాడో ఆ మనిషి నోటి నుంచి వింటేనే ఆయనకు కుదుటపడుతుంది. “ఉన్న ఊరు, కన్న తల్లి” అంటారు మనవాళ్ళు. గమనించావా, పుట్టిన ఊరు అనలేదు, ఉన్న ఊరు అన్నారు. కన్నతల్లి పక్కన కూర్చోబెట్టింది నువ్వు ఉంటున్న ఊరిని. కాబట్టి అవిలాల ఆయనది, తిరుపతి ఆయనది. పీలేరు పక్కన ఆ పల్లె కూడా ఆయనదే. దాని పేరు నీ ఉత్తరంలో లేదు. నీకు తెలిసి ఉంటుంది కానీ రాయాలని అనిపించలేదేమో. నాన్న పెరిగిన ఇల్లు, బావి, బడి ఇప్పుడెలా ఉన్నాయో అడుగు. వీలైతే ఒక ఆదివారం ఆయన్ను తీసుకుని పీలేరు బస్సెక్కు.

తిరిగి వచ్చాక ఇద్దరూ కూర్చుని ఆ బయోడేటా మళ్ళీ రాయండి. స్వగ్రామం దగ్గర ఆ పల్లె పేరు ఆయన చేతే రాయించు. ప్రస్తుత నివాసం దగ్గర అవిలాల, తిరుపతి అని నువ్వు రాయి. వచ్చే మే నెలలో చాటింపు పడే మంగళవారానికి ముందే సెలవు పెట్టుకుని రా. కుదిరితే ఆ కొలీగ్‌ను కూడా వెంట తీసుకురా. సారె బయలుదేరేది మీ వీధుల్లో నుంచే కదా, ఆమె ఇంతవరకు గుడి దగ్గరే నిలబడి చూసి ఉంటుంది.